20 పాయింట్లు కొట్టాడు సరే, వయసెంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బాస్కెట్‌బాల్ మీదే ఉన్నాయి, అందులోనూ అమెరికాలోని ఎన్‌బీఏ లీగ్‌లోకి కొత్తగా అడుగుపెట్టిన కుర్రాళ్ల (వాళ్లనే రూకీలంటారు) మీద. పొద్దున్నే ఆరింటికి ఫోన్‌లో మ్యాచ్ పెట్టుకుని, సగం చూసి, మిగతా సగం కాలేజీ బస్సులో చూసేవాళ్లు విజయవాడ, గుంటూరుల్లో ఇంతమంది ఉన్నారని తెలిసి చాలా సంతోషమేసింది. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అన్నా, మా హాస్టల్లో రోజూ ఇదే గొడవ. మొదటి సీజన్లోనే మ్యాచ్‌కి 18, 20 పాయింట్ల యావరేజ్ కొట్టిన రూకీ గ్యారంటీగా స్టార్ అవుతాడని నేనంటాను. మావాళ్లు ఒప్పుకోరు. ఆ లీగ్‌లో 20 పాయింట్లంటే మామూలు విషయమా? మీరే తేల్చండి.
— డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: మామూలు విషయం కాదు తమ్ముడూ. కానీ గ్యారంటీ అన్నావు చూడు, అక్కడ నేను మీవాళ్ల వైపే. 2009-10 సీజన్ తీసుకో. సాక్రమెంటో కింగ్స్ జట్టులో టైరీక్ ఎవాన్స్ అనే రూకీ మ్యాచ్‌కి 20.1 పాయింట్లు, 5.3 రీబౌండ్లు (పడకుండా వెనక్కొచ్చిన బంతిని పట్టుకోవడం), 5.8 అసిస్టులు (పక్కవాడు పాయింట్లు చేసేలా పాస్ ఇవ్వడం) చేసి రూకీ ఆఫ్ ది ఇయర్ అవార్డు కొట్టేశాడు. ఆ ఓటింగ్‌లో అతని వెనక నిలిచిన కుర్రాడి యావరేజ్ 17.5. ఆ కుర్రాడే స్టెఫెన్ కరీ. తర్వాత మూడేళ్లలో ఎవాన్స్ యావరేజ్ 17.8, 16.5, 15.2 అంటూ దిగుతూ పోయింది. కరీ 2015లో, 2016లో వరసగా ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, రెండోసారైతే ఓటు వేసిన ప్రతి ఒక్కరూ మొదటి ఓటు అతనికే వేశారు.

ఇది ముందే పట్టుకోగలిగిన విషయమేనా అంటే, కొంతవరకు అవును. ఎవాన్స్ పాయింట్లు ఎక్కడినుంచి వచ్చాయో చూడు. ఒంట్లో బలంతో రింగ్ దాకా దూసుకెళ్లి వేసినవే ఎక్కువ, దూరపు గీత బయటినుంచి వేసే త్రీ పాయింటర్లు పడింది 25.5 శాతమే. కరీకి అదే ఏడాది త్రీలు 43.7 శాతం, ఫ్రీ త్రోలు (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డురాకుండా వేసేవి) 88.5 శాతం పడ్డాయి. దూరం నుంచి వేయలేనివాడిని ఆపడానికి డిఫెండర్ రెండడుగులు వెనక్కి తగ్గి నిలబడితే చాలు, దూసుకెళ్లే దారి మూసుకుపోతుంది. ఆ సంగతి మొదటి ఏడాది అన్ని జట్లకూ తెలియదు, రెండో ఏడాదికల్లా తెలిసిపోతుంది. పైగా బలం మీద, మోకాళ్ల మీద నడిచే ఆటకి చిన్న గాయం తగిలినా పదును తగ్గుతుంది. (కరీకి గాయాలు లేవని కాదు, 2011-12లో చీలమండ దెబ్బలతో 26 మ్యాచ్‌లే ఆడాడు. కానీ అతని చేతిలో ఉన్న షాట్ చీలమండతో పాటు పోలేదు.)

ఇంకో సంగతి, ఓడిపోయే జట్టులో కూడా ఎవరో ఒకరు బంతి వేయాలి కదా. 2013-14లో ఫిలడెల్ఫియా జట్టు 82 మ్యాచ్‌ల్లో 19 గెలిచి 63 ఓడింది, మధ్యలో వరసగా 26 ఓడింది. ఆ జట్టులో బంతంతా మైకేల్ కార్టర్ విలియమ్స్ అనే రూకీ చేతిలో పెట్టారు. అతను ఆడిన మొదటి మ్యాచ్, అదీ అప్పటి చాంపియన్ మయామీ మీద, 22 పాయింట్లు, 12 అసిస్టులు, 7 రీబౌండ్లు, 9 స్టీల్స్ (అవతలివాళ్ల నుంచి లాక్కున్న బంతులు)! సీజన్ చివరికి 16.7 పాయింట్లతో రూకీ అవార్డు కూడా అతనిదే. కానీ వేసిన షాట్లలో పడినవి 40.5 శాతం, త్రీలు 26.4 శాతం, వయసు అప్పటికే 22. మరుసటి ఏడాది ఫిబ్రవరిలోనే ఆ జట్టు అతన్ని వేరే జట్టుకి ఇచ్చేసింది. అదే బ్యాచ్‌లో మిల్వాకీకి వచ్చిన ఒక సన్నటి గ్రీకు కుర్రాడు 18 ఏళ్ల వయసులో సీజన్ మొదలుపెట్టి 6.8 పాయింట్లు మాత్రమే చేశాడు. యానిస్ అంటెటోకౌంపో. 2019లో, 2020లో ఎంవీపీ.

నీ వాదనలో నిజం లేదని కాదు. లెబ్రాన్ జేమ్స్ మొదటి ఏడాది 20.9, కెవిన్ డ్యురాంట్ 20.3, లూకా డోన్చిచ్ 21.2. ముగ్గురూ స్టార్లే అయ్యారు. అయితే ఆ ముగ్గురిలో ఎవరికీ ఆ సీజన్ ముగిసేసరికి 20 ఏళ్లు దాటి రెండు నెలలు కూడా కాలేదు. 19 ఏళ్లకు 20 పాయింట్లు కొట్టడం వేరు, 22 ఏళ్లకు కొట్టడం వేరు. ఈసారి గొడవ మొదలైతే ముందు వయసెంతని అడుగు. ఆ తర్వాత, ఆ పాయింట్లకు ఎన్ని షాట్లు ఖర్చుపెట్టాడని అడుగు.

ప్రశ్న: జులైలో కొత్త కుర్రాళ్లు ఆడే సమ్మర్ లీగ్ చూసి ఎవడు ఫ్లాపో ఎవడు హిట్టో చెప్పేయొచ్చా?
— సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: వద్దు. 2023 జులైలో లాస్ వేగాస్‌లో విక్టర్ వెంబన్యామా మొదటి మ్యాచ్‌లో 13 షాట్లు వేస్తే పడింది రెండే, 9 పాయింట్లతో బయటికొచ్చాడు. ఆ రోజు ఫోన్లలో వచ్చిన వెక్కిరింతలు చూసి నాకు బాధేసింది, 19 ఏళ్ల పిల్లాడు మరి. రెండు రోజుల తర్వాత రెండో మ్యాచ్‌లో 27 పాయింట్లు, 12 రీబౌండ్లు. సీజన్లో 21.4 పాయింట్లు, 10.6 రీబౌండ్లు, 3.6 బ్లాకులతో (గాల్లోనే అడ్డుకున్న షాట్లు) రూకీ అవార్డు, ఒక్క ఓటూ పక్కకి పోకుండా. సమ్మర్ లీగ్‌లో నేను చూసేది ఒక్కటే, కొత్త కుర్రాడు కోర్టులో తన కదలికలు తను నడిపిస్తున్నాడా, పక్కవాళ్లు చెబితే కదులుతున్నాడా అని. స్కోరు కార్డు చూడను.

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి రిటైర్ అయ్యాను. మనవడితో కలిసి ఈ ఆట చూస్తున్నాను. నాకు అర్థం కాని విషయం ఒకటుంది. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒకటో నంబర్, రెండో నంబర్ అని వరసగా తీసుకుంటారు కదా. అన్ని కోట్లు పెట్టేవాళ్లు ఆలోచించకుండా తీసుకోరు. మరి ఆ నంబర్ చూస్తే సరిపోదా?
— గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: మంచి ప్రశ్న అడిగారండీ. తాతా మనవళ్లు కలిసి చూస్తున్నారంటే ఇంకా బాగుంది. ముందు న్యాయంగా చెప్పాల్సింది చెబుతాను. మొత్తం మీద లెక్క తీస్తే ముందు నంబర్లలో వచ్చినవాళ్లే ఎక్కువమంది రాణించారు, అందులో సందేహం లేదు. టిమ్ డంకన్, లెబ్రాన్, వెంబన్యామా, వీళ్లంతా ఒకటో నంబర్లే, వీళ్ల గురించి ముందే అందరూ చెప్పారు, చెప్పినట్టే అయింది. కానీ అలాంటివాళ్లు ఏడాదికొకరు కూడా రారు. ఇబ్బందంతా తర్వాతి వరసతోనే.

2013లో ఒకటో నంబర్ ఆంథోనీ బెన్నెట్, మొదటి ఏడాది 4.2 పాయింట్లు, నాలుగు సీజన్లలో నాలుగు జట్లు మారి ఆ లీగ్‌కే దూరమయ్యాడు. పైన చెప్పిన యానిస్ అదే డ్రాఫ్ట్‌లో 15వ నంబర్. 1984లో పోర్ట్‌లాండ్ రెండో నంబర్‌తో శామ్ బోవీని తీసుకుంది, మూడో నంబర్‌తో షికాగోకి దొరికినవాడు మైకేల్ జోర్డాన్. 2014లో 41వ నంబర్‌గా డెన్వర్ తీసుకున్న సెర్బియా కుర్రాడు నికోలా జోకిచ్ 2021, 2022, 2024ల్లో ఎంవీపీ. ఎంసెట్ ర్యాంకు చూసి సీటు ఇస్తారు గానీ నాలుగేళ్ల తర్వాత ఎవరి చేతిలో పని ఉంటుందో ఆ ర్యాంకు చెప్పదు కదండీ, ఇదీ అంతే.

మీరు బ్యాంకులో పనిచేశారు కాబట్టి ఇంకో మాట మీకు వెంటనే అర్థమవుతుంది. పెట్టిన డబ్బు మునిగిపోయిందని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. బారీ స్టా, హా హోయాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు 1995లో దీన్నే ఎన్‌బీఏలో లెక్కగట్టి చూపించారు. ఇద్దరు ఆటగాళ్లు ఒకేలా ఆడుతున్నా, డ్రాఫ్ట్‌లో ముందు నంబర్‌కి వచ్చినవాడికి ఎక్కువ నిమిషాలు ఇస్తున్నారు, ఎక్కువ ఏళ్లు ఉంచుకుంటున్నారు, తొందరగా వదులుకోవడం లేదు. అంటే మూడో నంబర్ కుర్రాడు 30 నిమిషాలు ఆడి 14 పాయింట్లు చేశాడంటే అందులో కొంత అతని ఆట, కొంత ఆ నంబర్ తెచ్చిపెట్టిన అవకాశం. 41వ నంబర్ కుర్రాడు 20 నిమిషాలు కోర్టులో ఉన్నాడంటే మాత్రం కోచ్‌కి అతను నిజంగా అవసరమయ్యాడన్న మాట. అందుకే వెనక నంబర్ల నుంచి వచ్చి నిమిషాలు సంపాదించుకున్నవాళ్ల మీద నాకు గురి ఎక్కువ. జోకిచ్ మొదటి ఏడాది సరిగ్గా అలాగే వచ్చాడు, 10 పాయింట్లు, 7 రీబౌండ్లు, చూడటానికి పెద్ద అంకెలు కావు. కానీ అంత పొడవున్న సెంటర్ (రింగ్ దగ్గర ఆడేవాడు) అన్ని పాసులు ఇవ్వడం అప్పుడే కనిపించింది.

కాంట్రాక్టుల సంగతి కూడా తెలుసుకోండి, మీకు ఆసక్తిగా ఉంటుంది. మొదటి రౌండ్‌లో వచ్చినవాడికి రెండేళ్ల జీతం ఖాయం. మూడో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది, అతను రెండో సీజన్ ఆడబోయే ముందు అక్టోబర్ 31 లోపు జట్టు తేల్చాలి. అంటే జట్టు చేతిలో ఉండే ఆధారం దాదాపుగా ఒక్క ఏడాది ఆటే. వాళ్లు కూడా మనలాగే ఆ ఒక్క ఏడాదినే తిప్పి తిప్పి చూస్తూ టెన్షన్ పడుతుంటారు.

ప్రశ్న: సర్, నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. రూకీల అంకెలు తీసుకుని ఐదేళ్ల తర్వాత ఎలా ఆడతారో అంచనా వేసే చిన్న ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నాను. ఏ అంకెలు తీసుకోవాలి? త్రీ పాయింట్ శాతం ముఖ్యమా?
— గుంటూరు

జవాబు: మీ ప్రాజెక్టు గురించి చదవగానే ఉత్సాహం వచ్చింది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. త్రీ పాయింట్ శాతంతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ పడిపోయేది అక్కడే. మామూలుగా ఒక రూకీ సీజన్ మొత్తం మీద 200 త్రీలు వేస్తాడనుకోండి. అతని అసలు సత్తా 35 శాతం. అప్పుడు 70 పడాలి. కానీ 200 ప్రయత్నాలకు స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి అటూ ఇటూ ఊగే తేడా) ఆరున్నర పైన వస్తుంది, మీరే వేసి చూసుకోండి, దానికి రెండింతలు అటూ ఇటూ వేస్తే, అతను ఏ మార్పూ లేకుండా అదే షాట్ వేస్తూ పోయినా 57 నుంచి 83 దాకా ఎక్కడైనా తేలొచ్చు. 28 శాతం వస్తే షూటింగ్ రాదంటాం, 41 వస్తే షూటర్ అంటాం, కుర్రాడు మాత్రం ఒక్కడే.

కాబట్టి ఫ్రీ త్రో శాతాన్ని పక్కన పెట్టుకోండి. ఎదురుగా డిఫెండర్ ఉండడు, దూరం ఎప్పుడూ 15 అడుగులే, అందుకని చేతి పని ఎంత శుభ్రంగా ఉందో అందులో తెలిసిపోతుంది. కాలేజీలో వేసిన త్రీల శాతం కంటే ఫ్రీ త్రోల శాతమే తర్వాతి షూటింగ్‌ని బాగా చెబుతుందని ఈ ఆటను అంకెలతో చదివేవాళ్లు చాలాకాలంగా అంటున్నారు. డ్యురాంట్ మొదటి ఏడాది రెండొందల పైచిలుకు త్రీలు వేస్తే పడింది 28.8 శాతం. ఫ్రీ త్రోలు చూస్తే 87.3. మరుసటి ఏడాది త్రీలు 42.2 శాతానికి పోయాయి. కవాయ్ లెనార్డ్ కాలేజీ రెండో ఏడాది త్రీలు 29 శాతమే, ఫ్రీ త్రోలు 76 దగ్గర. 15వ నంబర్‌గా డ్రాఫ్ట్ అయి శాన్ ఆంటోనియో చేతికి వచ్చాక అక్కడి షూటింగ్ కోచ్ చిప్ ఎంగెలండ్ అతని షాట్ సరిచేశాడు, మొదటి సీజన్లోనే 37.6 శాతం వేశాడు. ఇక్కడ మీ మోడల్లోకి ఎక్కించడం కష్టమైనది ఒకటుంది, అది జట్టు. అదే కవాయ్ నేర్పించే ఓపిక లేని చోటికి వెళ్లుంటే ఏమయ్యేవాడో ఏ అంకే చెప్పదు.

పాయింట్ల యావరేజ్‌ని నేరుగా తీసుకోవద్దు. ట్రూ షూటింగ్ తీసుకోండి. పాయింట్లను, షాట్ల సంఖ్యకి 0.44 రెట్ల ఫ్రీ త్రోలు కలిపి రెండుతో గుణించినదానితో భాగించాలి. 18 షాట్లు, 4 ఫ్రీ త్రోలు వేసి 18 పాయింట్లు చేసినవాడికి 45 శాతం చిల్లర వస్తుంది. 10 షాట్లు, 3 ఫ్రీ త్రోలతో 14 పాయింట్లు చేసినవాడికి 61 దాటుతుంది. పేపర్లో మొదటివాడి ఫోటో వేస్తారు. నేనైతే రెండోవాడిని రాసిపెట్టుకుంటాను, అయితే ఒక షరతు మీద, ఆ 10 షాట్లలో కొన్నైనా తనంతట తాను తయారుచేసుకున్నవి అయ్యుండాలి. అన్నీ పక్కవాడు పళ్లెంలో పెట్టి ఇచ్చినవే అయితే ఆ 61 మీద పెద్ద నమ్మకం పెట్టుకోలేం.

రీబౌండ్లు, స్టీల్స్, బ్లాకులు 36 నిమిషాలకు లెక్కగట్టి చేర్చండి. ఇవి కాలేజీ నుంచి పై లీగ్‌కి పెద్దగా తగ్గకుండా వస్తాయి. స్టీల్స్ నాకు ప్రత్యేకంగా ఇష్టం, ఎందుకంటే అందులో కాళ్ల చురుకు, చేతుల పొడవు, అవతలివాడు ఏం చేయబోతున్నాడో ముందే పసిగట్టే తెలివి, మూడూ ఒక్క అంకెలో దొరుకుతాయి. వయసుని మాత్రం ఏళ్లలో కాదు, నెలల్లో వేయండి. మాల్కం బ్రాగ్డన్ 2017లో రూకీ అవార్డు గెలిచాడు, రెండో రౌండ్‌లో 36వ నంబర్ నుంచి వచ్చి గెలవడం గొప్ప సంగతి. కానీ అప్పటికి అతనికి 24. మంచి ఆటగాడిగా నిలబడ్డాడు, అయితే ఎదగాల్సినది అప్పటికే చాలావరకు ఎదిగిపోయాడు. అదే ఏడాది జోయెల్ ఎంబీడ్ రూకీగా 31 మ్యాచ్‌లే ఆడాడు. 2014లో డ్రాఫ్ట్ అయినా పాదం గాయంతో రెండు సీజన్లు పూర్తిగా పోయాయి. ఆడిన 31లో మాత్రం యావరేజ్ 20.2. ఓటింగ్‌లో మూడో స్థానం వచ్చింది, 2023లో ఎంవీపీ వచ్చింది.

ఎంబీడ్ పేరు వచ్చింది కాబట్టి గ్రెగ్ ఓడెన్‌ని కూడా గుర్తుచేస్తాను. 2007లో డ్యురాంట్ కంటే ముందు, ఒకటో నంబర్. మొదటి సీజన్ మొత్తం మోకాలి ఆపరేషన్‌తో పోయింది, ఆ తర్వాత కూడా మోకాళ్లు వదల్లేదు, కెరీర్ మొత్తానికి ఆడింది 105 మ్యాచ్‌లు. ఆడినప్పుడు బాగానే ఆడాడు. ఇలాంటివి మీ మోడల్ తప్పుల్లోకి వస్తాయి, వాటిని చూసి మోడల్ పనికిరాదని చింపేయకండి. ఒక్కో ఆటగాడికి ఒకే అంకె ఇవ్వకుండా, ఇంత నుంచి ఇంత దాకా అని ఒక పరిధి ఇవ్వండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఈ కొత్త ఆటగాళ్లలో ఎవరు బాగా ఆడతారో చెబితే డబ్బులొస్తాయని ఏదో యాప్‌లో పెడుతున్నాడు. ఫీజు డబ్బుల్లోంచి కొంత పోయిందని నాకు ఈమధ్యే తెలిసింది. ఏం చెప్పాలో తెలియడం లేదు.
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా తిట్టకుండా కూర్చోబెట్టి మొత్తం ఎంత పోయిందో అడగండి, అప్పు ఏమైనా చేశాడేమో కూడా. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. కాబట్టి ఆ యాప్ ఏ పేరుతో ఉన్నా అతను గెలిచినా ఆ డబ్బు చేతికొస్తుందన్న భరోసా లేదు. మీ అబ్బాయికి ఆట మీద నిజంగా జ్ఞానం ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఏడాదంతా జీతాలిచ్చి ఆటగాళ్లను వెతికే స్కౌట్లను ఊరూరా తిప్పే జట్లే జోకిచ్ పేరు వచ్చేలోపు 40 మందిని తీసుకున్నాయి. అతనికి ఈ పేజీ చూపించి నేనన్నానని చెప్పండి, అంచనాలు నోట్‌బుక్కులో రాసుకో, రెండేళ్ల తర్వాత తీసి చూసుకో, అంతకంటే మంచి ఆట లేదు. మానలేకపోతున్నాడని అనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వం నడిపే టెలీ మానస్ లైన్ అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదమ్మా.

ప్రశ్న: హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. అండర్ 14 సెలెక్షన్స్‌కి పిల్లల్ని తయారుచేస్తున్నాను. ఒకడు ఎనిమిదో తరగతికే ఆరడుగులు దగ్గరికొచ్చాడు. ఇంకొకడు పొట్టి, కానీ బంతి అతని దగ్గర లాక్కోవడం ఎవరివల్లా కాదు. అమెరికా వాళ్ల సంగతి సరే, మన పిల్లల్లో ఎవరు పైకొస్తారో ఎలా చెప్పాలి?
— గుంటూరు

జవాబు: మాస్టారూ, ఈ ఉత్తరాలన్నిటిలో నా మనసుకి బాగా దగ్గరైంది మీది. అక్కడ 19 ఏళ్లవాడిని 24 ఏళ్లవాడితో పోల్చడం తప్పంటున్నామా, ఇక్కడ 13 ఏళ్ల దగ్గర ఆ తప్పు ఇంకా పెద్దదవుతుంది. ఎనిమిదో తరగతిలో ఒకడికి అప్పుడే నూనూగు మీసాలొచ్చి ఒడ్డూ పొడుగూ వచ్చేస్తాయి, పక్కనే ఉన్నవాడు ఇంకా పాలబుగ్గలతో ఉంటాడు. ఇద్దరి పుట్టిన తేదీలూ ఒకటే కావచ్చు. ముందు ఎదిగినవాడు ఇంటర్‌కి వచ్చేసరికి అదే ఆరడుగుల దగ్గర ఆగిపోవచ్చు. అప్పటిదాకా మనం అతన్ని రింగ్ కింద నిలబెట్టి, చేతులెత్తి బంతి పట్టుకోమని తప్ప ఇంకేం నేర్పలేదు. సెలెక్షన్స్‌లో గెలవాలన్న తొందరలో చాలా చోట్ల జరుగుతున్నది ఇదే, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఆంథోనీ డేవిస్ కథ మీ పిల్లలకు చెప్పండి. హైస్కూల్ మొదట్లో అతను మామూలు ఎత్తు గార్డు, బంతి నడిపించడం, దూరం నుంచి వేయడం నేర్చుకున్నాడు. తర్వాత ఏడాదిన్నరలో దాదాపు ఎనిమిది అంగుళాలు పెరిగాడు, 2012 డ్రాఫ్ట్‌లో ఒకటో నంబర్ అయ్యాడు. పొట్టిగా ఉన్నప్పుడు నేర్చుకున్న పని పొడుగయ్యాక కూడా చేతుల్లో ఉండిపోయింది. కాబట్టి మీ ఆరడుగుల పిల్లాడితో రోజూ డ్రిబ్లింగ్ చేయించండి, ఎడమ చేత్తో కూడా. ప్రాక్టీసులో బంతి పోగొట్టుకుంటే పోగొట్టుకోనివ్వండి. పొట్టివాడిని పొట్టివాడని పక్కన పెట్టకండి, వీలైతే వాళ్ల అమ్మానాన్నల ఎత్తు కనుక్కోండి, కొంత ఆధారం దొరుకుతుంది.

ఇక ఎవరు పైకొస్తారన్నదానికి నేను ఒక పద్ధతి నమ్ముతాను. ఇవాళ ఎంత బాగా ఆడుతున్నాడన్నది కాదు, కొత్తది చెబితే ఎన్ని వారాల్లో ఒంటపట్టించుకుంటాడన్నది చూడండి. జూన్‌లో ఫ్రీ త్రోలు 50 వేయించి లెక్క రాయండి, సెప్టెంబర్‌లో మళ్లీ, డిసెంబర్‌లో మళ్లీ. 20 నుంచి 32కి వచ్చినవాడు, 34 దగ్గరే ఆగిపోయినవాడి కంటే నాకు ముఖ్యం. దానికి పెద్ద స్టేడియం అక్కర్లేదు, స్కూల్లో ఉన్న ఒక్క రింగ్ చాలు.

ఎత్తు ఒక్కటే ఎంత దూరం తీసుకెళ్తుందో సత్నాం సింగ్ ప్రయాణం చెబుతుంది. పంజాబ్‌లో బల్లో కే అనే పల్లె నుంచి 14 ఏళ్లకే అమెరికాలోని ఫ్లోరిడాకి వెళ్లి, 2015లో డాలస్ జట్టు 52వ నంబర్‌గా తీసుకుంటే, మన దేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడయ్యాడు. ఏడడుగుల రెండంగుళాలు. అది చిన్న ఘనత కాదు, ఈ దేశంలో ఆ ఆట ఆడే ప్రతి పిల్లాడూ గర్వపడాల్సిన విషయం. అయినా ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. సెంటర్లు కూడా బయటికి వచ్చి త్రీలు వేయడం, కాళ్లు చురుగ్గా కదపడం అప్పటికే తప్పనిసరి అవుతూ వచ్చింది. అందుకే మళ్లీ చెబుతున్నాను మాస్టారూ, మీ పొడుగువాడి చేతికి బంతి ఇవ్వండి.

ప్రశ్న: అన్నీ చెబుతారు గానీ పేర్లు చెప్పరు. 2025 డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్లలో మీ లెక్కలో ఎవరు నిలబడతారు?
— లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: చెబుతాను. రూకీ ఏడాది అంకెలు పక్కనపెట్టి, కాలేజీలో చేసినదాన్ని బట్టే చెబుతాను, అప్పుడే అది అంచనా అవుతుంది. కూపర్ ఫ్లాగ్ మొదటివాడు, ఇందులో నా తెలివేమీ లేదు. డ్రాఫ్ట్ నాటికి 18 ఏళ్ల ఆరు నెలలు, డ్యూక్ కాలేజీలో 19.2 పాయింట్లు, 7.5 రీబౌండ్లు, 4.2 అసిస్టులు, స్టీల్స్ 1.4, బ్లాకులు 1.4, ఫ్రీ త్రోలు 84 శాతం. ఏ వైపు నుంచి చూసినా గట్టిగానే ఉన్నాడు. అతని పక్కనే డ్యూక్‌లో ఆడి నాలుగో నంబర్‌గా షార్లట్‌కి వెళ్లిన కాన్ నుప్పెల్ కాళ్లు నెమ్మదని చాలామంది పెదవి విరిచారు, కానీ ఫ్రీ త్రోలు 91 శాతం, త్రీలు 40 శాతం పైన, అలాంటి చెయ్యి ఉన్నవాడికి లీగ్‌లో పదేళ్ల పని ఉంటుంది. డిలన్ హార్పర్ రెండో నంబర్, వెళ్లింది శాన్ ఆంటోనియోకి. అక్కడ వెంబన్యామా ఉండగా ఇతనికి షాట్లు తక్కువ దొరుకుతాయి, యావరేజ్ చిన్నగా కనిపిస్తే కంగారుపడకండి. వీజే ఎడ్జ్‌కోంబ్ ఫిలడెల్ఫియా తరఫున మొదటి మ్యాచ్‌లోనే బోస్టన్ మీద 34 కొట్టాడు. ఆ 34 కంటే నాకు అతను కాలేజీలో మ్యాచ్‌కి చేసిన 2.1 స్టీల్స్ మీదే ఎక్కువ నమ్మకం. ఐదో నంబర్ ఏస్ బెయిలీ మీద మాత్రం గట్టిగా చెప్పలేను. వయసు తక్కువ, పొడవు ఉంది, కష్టమైన షాట్లు అందంగా వేస్తాడు, కానీ కాలేజీలో ఫ్రీ త్రోలు 69 శాతమే, బంతి చేతికొస్తే పక్కవాళ్లు కనిపించరు. రెండేళ్లు ఆగి, ఫ్రీ త్రోలు 78 దాటి, అసిస్టులు పెరిగి ఉంటే అప్పుడు అతని పేరు పైకి తీసుకొస్తాను.